తలలో మోస్తున్న ఇంటి పనిని కాగితం మీదకు దించడం: వారం మొత్తానికి పనుల లిస్టు

ఇంటి పనులకు లిస్టు రాయడం ఎవరికైనా వచ్చు. సోమవారం పొద్దున ఉత్సాహంగా రాసిన లిస్టును బుధవారానికల్లా ఎవరూ ఎందుకు పట్టించుకోరన్నదే అసలు సంగతి. బద్ధకం అని తేల్చేస్తాం కానీ, చాలా ఇళ్లలో కారణం అది కాదు. ఈ రోజు చేయాల్సినవి, ఈ నెలలో చేయాల్సినవి, ఎప్పుడో తీరికున్నప్పుడు చూద్దామనుకున్నవి అన్నీ ఆ లిస్టులో ఒకే వరసలో ఉంటాయి. పైగా అందులో ఏముందో రాసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ‘బీరువా’ అని ఉంటుంది. బీరువా సర్దాలా, బాగు చేయించాలా, కొత్తది కొనాలా? రాసిన మనిషినే అడగాలి. పని కాగితం మీదకు వచ్చినట్టే వచ్చి, మళ్లీ ఆ ఒక్కరి తలలోనే ఉండిపోయింది.

అందుకే ఇక్కడ చెప్పే పద్ధతికి ఒకే ఒక్క పరీక్ష పెట్టాను. మీరు రెండు రోజులు ఇంట్లో లేకపోయినా, మీకు ఫోన్ చేయకుండా ఆ లిస్టు చూసి ఇంట్లో మరొకరు పని కానివ్వగలగాలి. ఒంటరిగా ఉండేవాళ్లకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. నాలుగు రోజుల కిందట మీరే రాసుకున్న మాట, అలసిపోయి ఇంటికొచ్చిన సాయంత్రం మీకు చూడగానే అర్థం కావాలి.

కావాల్సినవి కొన్ని కాగితాలు, ఒక పెన్ను, ఒక క్యాలెండర్. యాప్ సంగతి తర్వాత.

ముందు తల ఖాళీ చేయండి

మొదటిసారి దీనికి అరగంట పడుతుంది. గుర్తున్న ప్రతి పనినీ ఒక పెద్ద కాగితం మీద రాసేయండి. వరస అక్కర్లేదు, ఏది ముఖ్యమో తేల్చక్కర్లేదు. ‘ఇంత చిన్నది కూడా రాయాలా’ అనిపించినవే ముందు రాయండి. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చి నిద్ర చెడగొట్టేవి సాధారణంగా అవే.

కూర్చుని ఆలోచిస్తే సగం పనులు గుర్తు రావు. లేచి ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. వంటింట్లో ఏది అయిపోవస్తోంది, బాత్‌రూమ్‌లో ఏది కారుతోంది, ఏ గదిలో బల్బు పోయింది, కుర్చీ మీద ఎవరి బట్టలు పోగుపడ్డాయి, అన్నీ కళ్లకు కనబడతాయి. తర్వాత బ్యాగులు, సొరుగులు, బల్ల మీది కాగితాల దొంతర చూడండి. కట్టాల్సిన బిల్లులు, సంతకం పెట్టి పంపాల్సిన స్కూల్ ఫారాలు అక్కడ దొరుకుతాయి. చివరగా ఫోన్‌లో గత రెండు వారాల మెసేజీలు తిరగేయండి. ‘సరే, చూస్తాను’ అని మీరు జవాబిచ్చిన ప్రతిదీ ఒక పనే.

ఇంత శ్రమ ఎందుకంటే, మన తలలో ఒకే సమయంలో నిలిచే విషయాలు చాలా తక్కువ. మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం అవి దాదాపు నాలుగు. మిగిలినవి ఎక్కడికీ పోవు, వేళకాని వేళ పైకి తేలి సతాయిస్తాయి. మాసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు 2011లో ఇంకో సంగతి చూపించారు. పూర్తికాని పని మనసును లాగుతుంటే, ఆ పని పూర్తి చేసేస్తేనే ఊరట దొరుకుతుందని కాదు. ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా ప్లాన్ వేసుకున్నా ఆ లాగుడు తగ్గుతుంది. ఇంటి పనులకు ఇది పెద్ద ఊరట. వారంలో అన్నీ అయిపోవు కదా, కానీ అన్నిటికీ ఒక చోటు చూపించవచ్చు.

నాలుగు చోట్లకు పంచండి

రాసిన కాగితాన్ని ముందు పెట్టుకుని ఒక్కో పనినీ ఎక్కడికి పంపాలో చూడండి.

తేదీ, వేళ ఖరారైనవి లిస్టులో ఉండకూడదు, క్యాలెండర్‌లోకి వెళ్లాలి. డాక్టర్ అపాయింట్‌మెంట్, స్కూల్ మీటింగ్, బిల్లు ఆఖరి తేదీ ఇలాంటివి. వీటిని లిస్టులో కలిపేయడమే చాలామంది దగ్గర కనిపించే పొరపాటు. లిస్టు అంటే ఏ వేళకైనా జరపగలిగే పని, క్యాలెండర్ అంటే వేరే వేళకు జరపలేని పని. రెండూ కలిస్తే దేనికీ గౌరవం ఉండదు.

మళ్లీ మళ్లీ వచ్చే పనులకు వేరే కాగితం పెట్టండి. దీని పేరు ‘నిత్యం’ అనుకుందాం. దీని గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంటి పనుల్లో ఎక్కువ భాగం ఇదే.

ఈ ఏడు రోజుల్లో కచ్చితంగా కావాల్సిన, ఒకసారి చేస్తే అయిపోయే పనులు ‘ఈ వారం’ కాగితానికి వెళతాయి.

మిగిలినవన్నీ ‘తర్వాత’ కాగితానికి. గోడకు రంగులు, ఫొటోలు సర్దడం, పాత పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయడం ఇక్కడ ఉంటాయి. ఈ కాగితాన్ని మడిచి లోపల పెట్టేయండి, వారానికొకసారి చూస్తే చాలు. రోజూ కంటి ముందు ఉంటే టెన్షన్ తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పనిని పనిలా రాయండి

నా ఉద్దేశంలో పద్ధతి మొత్తంలో ఎక్కువ ఫలితమిచ్చే మెట్టు ఇదే, జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే. ‘కుళాయి’ అని రాయకండి. ‘వంటింటి కుళాయి కారుతోంది, ప్లంబర్‌కు ఫోన్ చేసి శనివారం పొద్దున రమ్మనాలి’ అని రాయండి. వాక్యం పొడుగవుతుంది, అయినా నష్టం లేదు. మొదటి దాన్ని చూస్తే మనసు ఇంకా ఆలోచించాలి. రెండో దాన్ని చూస్తే చేయి ఫోన్ మీదకు పోతుంది.

రాసిన ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలతో తడిమి చూడండి. ఏం చేయాలో చెప్పే క్రియ ఉందా? మొదట వేయాల్సిన అడుగు తెలుస్తోందా? ఎక్కడికొస్తే పని అయిపోయినట్టో తెలుస్తోందా? మూడోదే ఇంట్లో గొడవలకు మూలం. ‘గది సర్దు’ అంటే పదేళ్ల పిల్లవాడికి నేల మీద ఉన్నవన్నీ మంచం కిందకు తోసేయడం. తల్లికి అర్థం వేరు. ‘నేల మీద ఏమీ ఉండకూడదు, పుస్తకాలు అరలోకి, మాసిన బట్టలు బుట్టలోకి’ అని రాస్తే ఇద్దరికీ ఒకటే అర్థం. పైగా పని అయ్యాక ‘ఇదేనా సర్దడం’ అన్న మాట రాదు.

ఒక్క పనిలా కనబడుతూ లోపల అయిదారు పనులున్నవి కొన్ని ఉంటాయి. ‘పిల్లల గది మార్చాలి’ అని రాసి పెట్టుకుంటే అది నెలల తరబడి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. దాన్ని ‘తర్వాత’ కాగితంలో ఉంచి, దానిలోంచి ఒక్క ముక్క మాత్రం ఈ వారానికి తీసుకోండి: ‘బల్ల ఎంత పొడవుందో టేపుతో కొలవాలి.’ అది పది నిమిషాల పని.

వీలైతే ఆ పనిని రోజూ జరిగే మరో సంగతికి ముడిపెట్టండి. ‘మొక్కలకు నీళ్లు పోయాలి’ కన్నా ‘పొద్దున పళ్లు తోముకోగానే మొక్కలకు నీళ్లు’ అన్నది ఎక్కువసార్లు జరుగుతుంది. ఫలానా సమయం రాగానే ఫలానా పని చేస్తాను అని ముందే నిర్ణయించుకోవడంపై మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. ఉత్త సంకల్పం కన్నా ఇలాంటి ముడి బాగా పనిచేస్తుందని ఆయన 1999లో రాసిన వ్యాసంలో వివరించారు.

‘నిత్యం’ కాగితం ఒకసారి రాస్తే చాలు

‘ఈ మాత్రం గుర్తుండదా, రాసుకోవాలా’ అని రోజువారీ పనుల గురించి అంటుంటారు. 1935 అక్టోబర్ 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 అనే కొత్త విమానం ఎగిరిన కాసేపటికే కూలిపోయింది. నడిపింది అనుభవమున్న పైలట్లే. నేల మీద ఉన్నప్పుడు విమానాన్ని అదుపు చేసే కదిలే భాగాలు గాలికి ఊగకుండా బిగించి ఉంచే లాక్‌ను తీయడం మరిచిపోయారు. ఆ తర్వాతే అక్కడి పైలట్లు ఎగరబోయే ముందు చూసుకోవాల్సిన వాటికి చెక్‌లిస్టు తయారుచేసుకున్నారు. బాగా తెలిసిన పనిలోనే మెట్టు జారిపోతుంది, తెలియని పనిని ఎలాగూ జాగ్రత్తగా చేస్తాం.

కాగితాన్ని నాలుగు భాగాలు చేయండి. రోజూ చేసేవి, వారానికొకసారి, నెలకొకసారి, ఏడాదిలో ఒకటి రెండు సార్లు. రోజువారీ భాగంలో మరీ ఎక్కువ రాయకండి. చెప్పకుండానే అయిపోయేవి (వంట, గిన్నెలు) అక్కర్లేదు, జారిపోయేవే రాయండి: చెత్త బయట పెట్టడం, మర్నాటి బ్యాగులు సర్దడం, వేసుకోవాల్సిన మందులు.

వారానికొకసారి వచ్చే పనుల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి గొలుసు పనులు. బట్టలే తీసుకోండి. ఉతకడం ఒక పని అనుకుంటాం. కానీ వేరు చేయడం, మెషిన్‌లో వేయడం, ఆరేయడం, తీయడం, మడతపెట్టడం, ఎవరి అరలోకి వాళ్లవి చేర్చడం, ఇవన్నీ కలిస్తేనే అది పూర్తవుతుంది. మెషిన్‌లో వేయడానికి అయిదు నిమిషాలు చాలు కాబట్టి బయటకు వెళ్లే ముందు వేసి పోతాం. సాయంత్రం దాకా తడిబట్టలు అందులోనే ఉండి వాసన పట్టి, మళ్లీ ఉతకాల్సి వస్తుంది. కాబట్టి గొలుసు పనిని రాసేటప్పుడు అన్ని లింకులకూ టైమ్ చూసుకోండి. మెషిన్ ఆగే వేళకు ఎవరైనా ఇంట్లో ఉండే రోజునే ఆ పని పెట్టండి. మడతపెట్టడాన్ని మర్నాటికి వేరే పనిగా రాసుకున్నా ఫర్వాలేదు, కానీ రాయండి. అందరి బట్టలూ ఒకే రోజు వేసి కొండలా పోగు చేసుకునే బదులు, ఒక రోజు దుప్పట్లు, ఇంకో రోజు పిల్లలవి, మరో రోజు పెద్దవాళ్లవి అని విడగొడితే ఏ రోజూ బరువనిపించదు.

నెలకొకసారి భాగంలో ఫ్రిజ్ లోపల తుడవడం, ఫ్యాన్ల దుమ్ము దులపడం, బిల్లులు సరిచూడడం లాంటివి రాస్తాం. ఏడాది భాగం చిన్నదే, కానీ మరిచిపోతే ఖరీదైనది. ఇన్సూరెన్స్ రెన్యువల్, వాహనం సర్వీసింగ్, గడువు ముగియబోయే గుర్తింపు పత్రాలు, మందుల పెట్టెలో డేట్ అయిపోయినవి తీసేయడం అందులో ఉండాలి. వీటికి తేదీ తెలిస్తే నెల ముందే క్యాలెండర్‌లో ఒక గుర్తు పెట్టేయండి.

వారానికొక బైఠక్

ఇరవై నిమిషాలు చాలు. వారం మొదలయ్యే ముందు సాయంత్రం, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు కూర్చోండి. ముందు లిస్టు తెరవకండి, క్యాలెండర్ తెరవండి. ఏ రోజు ఎవరు ఆలస్యంగా వస్తారు, ఏ రోజు బయట పని ఉంది, ఎప్పుడు చుట్టాలు వస్తున్నారు, ఇవన్నీ తేలాక కదా ఎంత ఖాళీ ఉందో తెలిసేది. నిండిపోయిన రోజు పక్కన పెద్ద అడ్డగీత పెట్టండి. ఆ రోజుకు ‘నిత్యం’ తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు.

ఇప్పుడు ‘ఈ వారం’ పనులను మిగిలిన రోజులకు పంచండి. ప్రతి పని పక్కన ఎంతసేపు పడుతుందో ఉజ్జాయింపుగా వేసి, దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి. హాస్యానికి అనడం లేదు. పని ఎంతసేపట్లో అవుతుందో తక్కువగా అంచనా వేసుకునే అలవాటు మనుషుల్లో ఉందని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో బ్యూలర్, ఆయన తోటి పరిశోధకులు కాలేజీ విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో ముగుస్తుందని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55కు పైనే. ఇంటి పనుల్లో మనం అంతకన్నా తెలివైన లెక్కలేమీ వేయం. బజారుకెళ్లి రావడం అరగంట అనుకుంటాం. తయారవడం, దారి, వరసలో నిలబడడం, తెచ్చినవి సర్దడం కలిపితే గంటన్నర.

ఖాళీగా కనబడిన టైమ్‌లో సగానికే పనులు వేయండి. మిగతా సగం వృథా కాదు. జ్వరాలు, అనుకోని ఫోన్లు, పాడైపోయిన వస్తువులు దాన్ని ఎలాగూ తినేస్తాయి. ఏమీ రాకపోతే అది మీది.

బయట తిరగాల్సిన పనులన్నీ ఒకే రోజుకు, ఒకే దారికి చేర్చండి. ఫోన్ చేయాల్సినవన్నీ ఒకే అరగంటకు.

పని పక్కన పేరు

ప్రతి పని పక్కనా ఒక్క పేరే ఉండాలి. ‘అందరూ’ అని రాస్తే ఎవరూ చేయరు. ‘మనం’ అని రాస్తే ఎవరు చేస్తారో మీకు ముందే తెలుసు.

ఇంకొంచెం లోతుకు వెళదాం. సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింగర్ 2019లో ఇళ్లలో జరిగే ఆలోచన పనిని నాలుగు భాగాలుగా చూపించారు: ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో చూసుకోవడం. ఆమె మాట్లాడిన జంటల్లో పసిగట్టడం, చూసుకోవడం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. ‘నువ్వు చెప్పు, నేను చేస్తా’ అనే సాయం ఈ నాలుగిటిలో దేన్నీ తగ్గించదు. అందుకే పేరు రాసేటప్పుడు చేతిపని ఒక్కటే కాకుండా పనిని మొత్తంగా అప్పగించండి. ‘కూరగాయలు తేవడం: నాన్న’ అంటే ఏవి అయిపోయాయో ఫ్రిజ్ తెరిచి చూడడం, ఏవి కావాలో రాసుకోవడం, తేవడం, సర్దడం అన్నీ నాన్నవే. మొదట్లో ఒకటి రెండు తేవడం మరిచిపోతారు. పరుగెత్తి వెళ్లి మీరు తెచ్చేయకండి, ఆ పూట ఉన్నదాంతో సరిపెట్టండి. లేకపోతే ఆ పని నెల తిరక్కుండా మీ దగ్గరికే తిరిగొస్తుంది.

పిల్లలకు వయసును బట్టి ఒకటో రెండో ఇవ్వండి. చదవడం రాని పిల్లలకు బొమ్మ గీసి పెట్టండి. టిక్కు పెట్టే పని మాత్రం వాళ్లకే వదిలేయండి, వాళ్లకు అందులోనే సరదా.

కాగితమా, ఫోనా? చదివేవాళ్లు ఇద్దరే అయి, ఇద్దరూ ఫోన్ చూసేవాళ్లయితే షేర్డ్ నోట్ బాగుంటుంది, బయట ఉన్నప్పుడు చేతిలో ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీది కాగితమే నయం. ఏది ఎంచుకున్నా లిస్టు ఒక్క చోటే ఉండాలి. సగం ఫోన్‌లో, సగం గోడ మీద ఉంటే ఏదీ నమ్మబుద్ధి కాదు.

రోజు లిస్టు రాత్రే రాయండి

పడుకునే ముందు అయిదు నిమిషాలు పెట్టండి. వారం కాగితం చూసి మర్నాటికి మూడు పనులు చిన్న చీటీ మీద రాసుకోండి. మూడంటే మూడే, ‘నిత్యం’ కాకుండా. అయిపోయి టైమ్ మిగిలితే వారం కాగితంలోంచి ఇంకొకటి తెచ్చుకోవచ్చు.

రాత్రే ఎందుకంటే ఒక లాభం ఉంది. 2018లో పరిశోధకుడు మైకేల్ స్కల్లిన్ బృందం 57 మందిని నిద్ర ల్యాబ్‌లో పడుకోబెట్టి చూసింది. పడుకునే ముందు అయిదు నిమిషాలు రాబోయే రోజుల్లో చేయాల్సినవి రాసుకున్నవాళ్లు, అప్పటికే చేసిన పనులు రాసినవాళ్ల కన్నా సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. వివరంగా రాసినవాళ్లకు నిద్ర ఇంకా త్వరగా పట్టింది.

బుధవారం కత్తిరింపు

వారం మధ్యలో అయిదు నిమిషాలు లిస్టు ముందు నిలబడండి. వెనకబడిన పనులను చూసి బాధపడడానికి కాదు, తీసేయడానికి. మూడు రోజులుగా ముందుకు జరుగుతూ వస్తున్న పనికి నాలుగే గతులు: ముక్కలు చేయడం, వేరేవాళ్లకు ఇవ్వడం, ‘తర్వాత’కు పంపడం, కొట్టేయడం. నాలుగోది వాడడానికి మొహమాటపడకండి. కొన్ని పనులు ఎవరో చెప్పారని రాసుకున్నవే, చేయకపోయినా ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు.

మన చేతిలో లేక ఆగిన పనులుంటాయి. మెకానిక్ తిరిగి ఫోన్ చేయాలి, ఆఫీసు నుంచి కాగితం రావాలి. వాటి పక్కన ఎవరి కోసం ఆగామో, ఏ రోజు మళ్లీ అడగాలో రాసుకుంటే చాలు.

వారం చేయిదాటినప్పుడు

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, ఆఫీసులో పని నెత్తిన పడినా పై పద్ధతంతా పక్కకు పోతుంది. దానికి ముందే, ఇల్లు తీరిగ్గా ఉన్న రోజునే ఒక చిన్న కాగితం రాసి ‘నిత్యం’ వెనకాల అంటించి పెట్టండి. ఇల్లు ఆగిపోకుండా ఉండడానికి కనీసం ఏవి జరగాలో అందులో రాయండి: తిండి, మందులు, ఉతికిన బట్ట ఒక జత, చెత్త, ఆఖరి తేదీ దాటితే జరిమానా పడే బిల్లు. అంతే. గదులు సర్దడం, ఇస్త్రీ, నేల తుడవడం ఆ వారం ఉండవని అందరూ ముందే ఒప్పుకోండి. సాయం చేయడానికి ఎవరైనా వస్తే ఆ కాగితమే చేతికివ్వండి. ఏది ఎక్కడుందో కూడా అందులో రాసి ఉంటే ఇంకా మంచిది: మందుల చీటీ ఏ సొరుగులో, తాళాలు ఎక్కడ, పిల్లల స్కూల్ నంబర్ ఏది.

అంతా సర్దుకున్నాక, మిగిలిపోయిన పనులను కొత్త వారం మీద గంపగుత్తగా పడేయకండి. పాత వారం కాగితం చించేయండి. మళ్లీ ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, ఇప్పుడు కంటికి కనబడినవే కొత్తగా రాసుకోండి.